కొండ లేని ఊరికి కొండే అండ

నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో కొండ అన్నది మచ్చుకైనా కనిపించదు. వరి చేలు, కొబ్బరి చెట్లు, రొయ్యల గుంటలు... చివర్న బంగాళాఖాతం. ఆ దారిలోనే ఉంది ఇందుకూరుపేట. అయితే ఇక్కడి రైతు కాళ్లకు అంటే ఒండ్రు మాత్రం కొండల నుంచి వచ్చిందే!

కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్న 597 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. గండికోట దగ్గర ఎర్రమల కొండలను కోసుకుని, సోమశిల దగ్గర వెలిగొండలను చీల్చుకుని నెల్లూరు మైదానంలోకి దిగుతుంది. ఇందుకూరుపేట, విడవలూరు మండలాల నడుమ సముద్రంలో కలుస్తుంది. వేల ఏళ్లుగా అది మోసుకొచ్చి పరిచిన మట్టే ఈ పొలాలు.

జిల్లాకు పడమట, ఉదయగిరి కొండల కింద మెట్ట రైతు వాన కోసం ఆకాశం వంక చూస్తాడు. ఇందుకూరుపేట రైతు సోమశిల వంక చూస్తాడు. 78 టీఎంసీల ఆ జలాశయంలో నీళ్లుంటేనే డెల్టాలో నాట్లు. ఇంకా మిగిలితే ఎడగారు పంట. దిగుబడి లెక్క పుట్లలోనే. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు.

నదిలో నీళ్లు పారినంత కాలం సముద్రం తన హద్దులో ఉంటుంది. ఏరు ఎండితే ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. ముదివర్తి, ముదివర్తిపాలెం మధ్య పెన్నపై కాజ్‌వే తలపెట్టింది రాకపోకలకే కాదు, ఆ ఉప్పును ఆపడానికి కూడా.

ఉప్పు అందరికీ చేదు కాదు. 1990ల్లో తీరమంతా రొయ్యల సాగు ఊపందుకుంది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ ఎందరినో అప్పుల్లో ముంచింది. 2009లో వనామీకి అనుమతి వచ్చాక గుంటల్లో మళ్లీ ఏరేటర్లు తిరిగాయి. గట్టుకు ఇటు మంచినీళ్లతో వరి, అటు ఉప్పునీళ్లతో రొయ్య. ఇరుగుపొరుగు రైతులకు గట్టు ఒకటే, కష్టసుఖాలు వేరు. గుంటలోని ఉప్పు చేలోకి ఊరితే ఆ తగవు తీరేది కాదు.

నీళ్లు మరీ ఎక్కువైనా ముప్పే. ఎగువ కొండల్లో కుండపోత కురిసిన 2021 నవంబరులో పెన్న పొంగి దిగువ పల్లెలను ముంచెత్తింది. ఇక్కడ చుక్క పడకపోయినా ఎక్కడి వానో ఇంటి గడప దాకా వస్తుందని అప్పుడు పిల్లలకూ తెలిసింది.

కార్తీక పౌర్ణమికి మైపాడు తీరం జనంతో నిండిపోతుంది. పిల్లలు ఇసుకతో గుట్టలు కడతారు. కొండ లేని ఊళ్లో అవే కొండలు. ఆ ఇసుకలో ఎంతో కొంత నంది కొండల పొడి కూడా ఉండే ఉంటుంది!