అబ్బా ఆబీ రంగులు

మా అబ్బా కాతిబ్. ఉర్దూ అఖ్బార్లు కంప్యూటర్ ముఖం చూడకముందు ప్రతి ఖబర్‌నూ చేత్తో రాసినవాళ్లు కాతిబ్‌లే. ఒక మోకాలు పైకి మడిచి, దానికి తఖ్తీ ఆనించుకుని, పసుపు కాగితం మీద నల్ల సియాహీతో కాలమ్ తర్వాత కాలమ్ నింపేవారు. నస్తాలీఖ్ రాతకు లెక్క ఉంది. కలం మొనను ఒక్కసారి నొక్కితే పడే నుఖ్తాయే దాని కొలబద్ద. అలిఫ్ అంటే మూడు నుఖ్తాల ఎత్తు. పెరగొద్దు, తగ్గొద్దు. పాతికేళ్లకు పైగా అబ్బా ఆ లెక్కలోనే బతికారు.

1981లో నూరీ నస్తాలీఖ్ అనే కంప్యూటర్ అక్షరాలు వచ్చాయి. 1994లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆ తర్వాత కాతిబ్‌ల చటాయీలు ఒక్కొక్కటే చుట్టేశారు. అబ్బా ఇబ్రహీంపట్నం తిరిగొచ్చి షాదీ రుఖాలు రాశారు, దుకాణాల బోర్డులు రాశారు, ఖబ్రస్తాన్‌లో కత్బాలు రాశారు. మహల్లా పిల్లలకు ఖుష్‌ఖతీ నేర్పారు. నా అక్షరం కూడా ఆ చేతికింద దిద్దుకున్నదే.

నాలుగేళ్ల కింద ఆయన చేతికి రాషా పట్టుకుంది. చాయ్ ప్యాలీ సాసర్ మీద టకటకమనేది. అలిఫ్ గీస్తే వానపాములా మెలికలు తిరిగేది. ఒకరోజు ఏదో ఫారం మీద దస్తఖత్ పాతదానితో కలవడం లేదని, అంగూఠా వెయ్యమన్నారట. ఊరందరికీ రాత నేర్పిన మనిషి వేలికి నీలం సిరా అంటించుకుని ఇంటికొచ్చారు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. కలందాన్‌ను బట్టలో చుట్టి అల్మారీ పైకెక్కించారు.

నా బిడ్డ స్కూల్ రంగుల డబ్బా ఆయన చేతికి ఎట్లా వచ్చిందో నేను చూడలేదు. ఆమె పెద్ద తరగతికి పోయాక అది మూలన పడి ఉండేది. అమ్మీ చెప్పిందాన్ని బట్టి, ఒక జోహర్ తర్వాత అబ్బా కాగితం మీద ఉత్త నీళ్లు పూసి, అందులో నీలం చుక్క వదిలి, అది పాకుతుంటే పిల్లాడిలా కూర్చుని చూశారట. వణికే చేతిలోంచి పడిన చుక్కకూ, నిలకడైన చేతిలోంచి పడిన చుక్కకూ తడి కాగితం మీద ఫరఖ్ లేదని ఆ మధ్యాహ్నమే ఆయనకు తెలిసింది.

నీటిరంగులను ఉర్దూలో ఆబీ రంగ్ అంటాం. అందులో రెండు తరీఖాలున్నాయి. ఒకటి, పెన్సిల్‌తో బొమ్మంతా గీసుకుని, గీత దాటకుండా రంగు నింపడం. రెండోది, గీతను వదిలేసి, తడిలో తడి కలిపి, ఆకారం దానంతట అది తేలేలా చెయ్యడం. ఇంగ్లీషువాళ్లు దీన్ని లూజ్ వాటర్‌కలర్ అంటారు. లూజ్ అన్నారని ఇష్టమొచ్చినట్టు పుయ్యడమని అనుకోకండి. అబ్బా పక్కన కూర్చుని చూస్తే ఎంత లెక్క ఉందో అర్థమవుతుంది.

మా ఊరి పెద్ద చెరువే ఆయన సబ్జెక్ట్. గోల్కొండ నేలిన ఇబ్రాహీం ఖులీ ఖుతుబ్ షా పేరు మోస్తున్న ఊరు కదా మాది. అసర్ తర్వాత కట్ట మీదికి పోతాం. ముందు అబ్బా కళ్లు సగం మూసి చాలాసేపు చూస్తారు. అట్లా చూస్తే ఆకులు, రాళ్లు, కరెంటు తీగలు మాయమై మూడే మిగులుతాయి: వెలుగు, నడిమి నీడ, చిక్కటి నీడ. తెల్లగా ఎక్కడ వదలాలో అప్పుడే ఖరారు చేసుకుంటారు. ఈ పద్ధతిలో తెల్లరంగు వాడరు, కాగితమే తెలుపు. నీళ్ల మీది మెరుపు, కొంగ వీపు ఒకసారి రంగు కింద పడితే మళ్లీ పూర్తిగా రావు. అందుకే ఎక్కడ ముట్టుకోకూడదో ముందే తెలిసి ఉండాలి.

తర్వాత కాగితం తడిపి, అట్టను కొంచెం వంచి పట్టుకుంటారు. పెద్ద బ్రష్‌తో ఆకాశం పైనుంచి మొదలవుతుంది, రంగు తన బరువుతో తానే కిందికి దిగుతుంది. అల్ట్రామెరైన్ నీలంలో కాస్త బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు కలిపితే మబ్బుల బూడిదరంగు వస్తుంది. ఆరాక రంగు వెలుస్తుంది కాబట్టి తడిగా ఉన్నప్పుడు ఒక పిసరు చిక్కగానే వెయ్యాలి. చెట్ల గుంపును పూయడానికి కాగితం మీద మెరుపు తగ్గే దాకా ఆగుతారు. మరీ తడిగా ఉంటే చెట్లు ఆకాశంలోకి పారిపోతాయి. పూర్తిగా ఆరితే అంచు కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. సగం ఆరినప్పుడు నీళ్లెక్కువున్న బ్రష్ తగిలిందో, గోబీ పువ్వు లాంటి మరక లేస్తుంది. మే నెల ఎండలో ఈ వ్యవధి నిమిషమైనా ఉండదు. వానాకాలంలో ఒక చాయ్ తాగొచ్చు. ఇదంతా ఆయన కాగితాలు పాడుచేసుకుంటూ నేర్చుకున్నదే.

“పానీ కామ్ కర్‌రా, మై దేఖ్‌రుఁ,” అంటారు. నీళ్లు పని చేస్తున్నాయి, నేను చూస్తున్నా అని.

నాకు మాత్రం అది చూస్తే ఖత్తె షికస్తా గుర్తొస్తుంది. షికస్తా అంటే విరిగినది. నస్తాలీఖ్‌ను వదులుచేసి, అక్షరాలను ఒకదానిలోకి ఒకటి జారవిడిచే వేగమైన రాత అది. పాత దస్తావేజుల్లో చూసే ఉంటారు. ఎరగని కంటికి గీకుడులా ఉంటుంది. కానీ ముందు నస్తాలీఖ్ చేతిలో కుదరనివాడి షికస్తా ఒక్క చూపులో దొరికిపోతుంది. అబ్బా వేసే చెరువు కూడా అంతే. నాలుగు పూతల్లో కట్ట, తూము, తుమ్మచెట్లు వచ్చి కూర్చుంటాయి. ఎక్కడ బరువు పడాలో, ఎక్కడ ఖాళీ ఉంచాలో ఆ చేతికి పాతికేళ్ల కితాబత్ నేర్పింది. వణుకు వేళ్లకు వచ్చింది, ఆ తమీజ్ మీదికి రాలేదు.

ఇంత వేసినా, ఎవరైనా వస్తే బొమ్మలన్నీ పరుపు కిందికి పోయేవి. కారణం ఒక మాట. ఉర్దూలో ఎవరినైనా బేఉస్తాదా అన్నామంటే అది గాలీ. కాతిబ్‌ను అడిగితే ముందు తన ఉస్తాద్ పేరు చెప్తాడు, తర్వాత ఉస్తాద్‌కు ఉస్తాద్ పేరు. ఈ రంగులకు అబ్బాకు ఉస్తాద్ లేడు. “యే బేఉస్తాదా కామ్ హై బేటా, కిసీకూ నక్కో దిఖా,” అనేవారు.

అప్పుడు నేను సంజీవదేవ్ గారి సంగతి చెప్పాను. తెలుగు డిగ్రీ చదివిన పుణ్యాన నాకు దొరికిన మనిషి ఆయన. గుంటూరు జిల్లా తుమ్మపూడిలో 1914లో పుట్టి, 1999లో పోయారు. చిత్రకళ స్కూల్లో నేర్చుకున్నది కాదు. యవ్వనంలో హిమాలయాలు తిరిగారు, కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ దగ్గర గడిపారు. మళ్లీ తన పల్లెకే వచ్చి నీటిరంగుల్లో, పాస్టెల్స్‌లో ప్రకృతిని వేశారు, కళ గురించి రాశారు, దేశదేశాల కళాకారులకు ఉత్తరాలు రాశారు. ‘తెగిన జ్ఞాపకాలు’ ఆయన ఆత్మకథ. నేను ఇదంతా ఉర్దూలోకి తిప్పి చెప్తుంటే అబ్బా బ్రష్ కడుగుతూ విన్నారు. చివరికి ఒక్కటే అడిగారు: “ఊర్లోనే కూర్చుని వేశాడా?” అవునన్నాను. ఆ సాయంత్రం నుంచి పరుపు కింద బొమ్మల్లేవు. దీవాన్‌ఖానా గోడకు బట్టల క్లిప్పులతో వేలాడుతున్నాయి.

చుట్టాలు ఇంకా అంటూనే ఉన్నారు. “ఇదేం తస్వీర్ భాయ్, అలికినట్టుంది,” అన్నారొకరు. అమ్మీ ఫికర్ వేరే, జాన్‌దార్ బొమ్మలు ఇంట్లో వద్దంటుంది. చేపలు పట్టేవాళ్లను అబ్బా రెండు మరకల్లో తేలుస్తారు, ఒకటి తల, ఒకటి ఒళ్లు. కళ్లు లేవు, ముక్కు లేదు. అమ్మీ అద్దాలు పెట్టుకుని దగ్గరగా చూసి, “ఇది మనిషని నువ్వంటున్నావు, నాకైతే మరకే,” అని ఇజాజత్ ఇచ్చేసింది.

మీ ఇళ్లలోనూ చేయి వణకడం మొదలై, చేసే పని మానుకుని ఖామోష్‌గా కూర్చున్న పెద్దలుంటారు. దర్జీలుంటారు, జరీ పనిచేసినవాళ్లుంటారు, వాచీలు బాగుచేసినవాళ్లుంటారు. వాళ్ల ముందు ఒక గ్లాసు నీళ్లు, మూడు రంగులు, ఒక పెద్ద బ్రష్ పెట్టి చూడండి. కాగితం మాత్రం 300 జీఎస్ఎమ్ మందంది కొనండి, పల్చటిది నీళ్లకు ముడుచుకుపోతుంది. చిన్న బ్రష్ ఇవ్వకండి, అది మళ్లీ గీత గియ్యమని సతాయిస్తుంది. నేర్పబోకండి. అది చెట్టా, గుట్టా అని అడగకండి. పక్కన కూర్చోండి చాలు.

అబ్బా వణుకు తగ్గలేదు. ఈ ఏడు ఇంకాస్త పెరిగింది కూడా. బ్రష్‌కు గుడ్డ చుట్టి లావు చేసిచ్చాను, పట్టు దొరుకుతోంది. బొమ్మ కింద పేరు రాయమంటే వద్దన్నారు, పాత దస్తఖత్ రాదు, కొత్తది నాది కాదన్నారు. పోయిన వారం అల్మారీ పైనుంచి కలందాన్ దించమన్నారు. మొన్న వేసిన చెరువు బొమ్మ మూలన, బరూ కలాన్ని సియాహీలో ముంచి ఒక్కసారి నొక్కి తీశారు. నుఖ్తా పడింది, నాలుగు మూలలూ సరిగ్గా.