సాగర్ గేట్లెత్తారా?

వానాకాలం వచ్చిందంటే మన ఆఫీసుల్లో అప్రైజళ్ళ కంటే ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇది. శుక్రవారం సాయంత్రం ఎవడో ఒకడు వాట్సాపులో వీడియో పడేస్తాడు. తెల్లటి నురగ, హోరు, వెనక ఎవరివో కేకలు. అది ఈ ఏడుదో, పోయినేడుదో ఎవరూ అడగరు. శనివారం పొద్దున్నే ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా కార్లు బారులు తీరతాయి. నూటయాభై కిలోమీటర్లు పోయి చూస్తే గేట్లన్నీ బిగించి ఉంటాయి. చేపల వేపుడు తినేసి, డ్యామ్ ముందు నాలుగు ఫోటోలు దిగి వెనక్కి రావడమే.

నాతో చదువుకున్న ఒకడు అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ దాకా వెళ్ళి, అరోరా కోసం మూడు రాత్రులు మంచులో నిలబడి, మబ్బులు చూసొచ్చాడు. ఫోన్లో కేపీ సూచీ అని సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక అంకె ఉంటుంది, అది చూసుకుంటూ కూర్చున్నాట్ట. వాణ్ణి ఏడిపిద్దామనుకున్నాను గానీ, మన సాగర్ యాత్రలు గుర్తొచ్చి ఊరుకున్నాను. వాడి దగ్గర కనీసం ఒక అంకె ఉంది. మనవాళ్ళు అదీ చూడరు :)

నా మటుకు నాకు అరోరా కంటే సాగర్ చాలా నయం. సూర్యుడి మీద పేలుడు జరిగాక ఆ రేణువులు భూమిని చేరడానికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టొచ్చు. వచ్చినా మన నెత్తిన ఆకాశం తేటగా ఉండాలి. కృష్ణ అలా కాదు. ఆల్మట్టి నిండాలి, తర్వాత నారాయణపూర్, తర్వాత మన జూరాల. అటునుంచి తుంగభద్ర కలవాలి. శ్రీశైలం 885 అడుగులకు దగ్గర పడాలి. ఆ తర్వాతే సాగర్. ఇదంతా వరస క్యూ. పై సర్వర్ బఫర్ నిండితే గానీ కింది సర్వర్‌కి పని రాదు.

శ్రీశైలం గేట్లెత్తారన్న వార్త చూడగానే సాగర్‌కి బండి తీసేవాళ్ళకి ఒక చిన్న లెక్క చెప్పాలి. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు. రోజుకి 86,400 సెకన్లు. భాగించండి: 11,574 క్యూసెక్కులు రోజంతా వస్తే ఒక టీఎంసీ. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, అప్పుడు అందులో 312 టీఎంసీలు. (మొదట్లో 408 పట్టేది. మిగతాది పూడిక మింగేసింది.) ఇంకా 100 టీఎంసీలు ఖాళీ ఉందనుకుందాం. పైనుంచి మూడు లక్షల క్యూసెక్కులు వస్తున్నా రోజుకి 26 టీఎంసీలే. అంటే నాలుగు రోజులు. కాలువలకీ కరెంటుకీ పోయేది తీసేస్తే ఇంకాస్త ఆలస్యం. 2024లో జరిగింది ఇదే: శ్రీశైలం గేట్లు జులై చివర్లో లేచాయి, సాగర్ గేట్లు ఆగస్టు 5న. ఆ మధ్య శని, ఆదివారాల్లో ఎంతమంది ఉత్త చేతులతో వెనక్కొచ్చారో! మట్టాలు రోజూ పేపర్లో వస్తాయి, చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

ఆ ఆగస్టులోనే నేను మా మేనమామతో వెళ్ళాను. ఆయనకి ఎడమ కాలువ కింద, నిడమనూరు దగ్గర మూడెకరాలుంది. డ్యామ్‌కి అంత దగ్గర్లో ఉండి కూడా గేట్లు చూడ్డానికని ఎప్పుడూ వెళ్ళలేదట. దిగువన కొత్త వంతెన మీద నిలబడితే తుంపర మొహానికి కొడుతోంది. అంత ఎత్తు రాతికట్ట, 124 మీటర్లు, దాని మీద నుంచి నీళ్ళు దూకుతుంటే పక్కవాడి మాట వినపడదు. నేను ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాను. ఆయన మాత్రం నీళ్ళ వంక కాదు, కట్ట మీది గోడ వంక చూస్తున్నాడు, ఎక్కడిదాకా నిండిందోనని.

"ఏందల్లుడా, పోయే నీళ్ళు చూసెతందుకా గింతమంది వచ్చిండ్రు?" అన్నాడు. "నిలవడ్డ నీళ్ళు చూడాలె గని."

ఆయన్ననడానికి లేదు. 2023లో కృష్ణ రాలేదు. గేట్లు లేవలేదు. ఆ యాసంగికి ఎడమ కాలువ కింద వరికి నీళ్ళివ్వలేదు. మామ ఒక బోరు వేయించాడు, పడలేదు. ఇంకొకటి వేద్దామంటే అత్తయ్య ఒప్పుకోలేదు. మూడెకరాలూ బీడు. ఆ చలికాలమంతా పొద్దున లేచి కాలువ కట్ట దాకా నడిచి, ఎండిన అడుగు చూసి వచ్చేవాడట. అదే ఏడు నవంబరు 30న డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురుబొదురు నిలబడ్డారు, 26 గేట్లలో 13 మావంటే మావని. తర్వాత సీఆర్పీఎఫ్ వచ్చింది. టీవీలో మనకది రాజకీయం. ఆయనకి మాత్రం, లేని నీళ్ళకి కాపలా.

అన్నట్టు, హైదరాబాదుకొచ్చే కృష్ణా నీళ్ళు కూడా ఈ జలాశయంలోంచి ఎత్తిపోసినవే. మనం పెట్రోలు పోసుకుని చూడ్డానికి పోయేది చాలామందికి ఇంట్లో కుళాయిలో వచ్చేదే.

ఇంకో సంగతి. ఈ ఊరి పేరు నందికొండ. సాగర్ అనేది తర్వాతి పేరు. నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేసినప్పుడు ఎగువ లోయలో ఇక్ష్వాకుల విజయపురి ఇంకా నేల మీదే ఉంది. 1954 నుంచి 1960 దాకా ఆదరాబాదరాగా తవ్వి, దొరికినవాటిలో కొన్నిటిని నాగార్జునకొండ మీదికీ, కొన్నిటిని అనుపుకీ మార్చి కట్టారు. మిగిలింది నీళ్ళ కింద. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళొదిలారు. గేట్లు మూసున్న రోజు మీకు చిరాకేస్తే లాంచీ ఎక్కి ఆ కొండ మీదికి వెళ్ళిరండి. లాంచీ తిరుగుతుందో లేదో ముందే కనుక్కోండి. అది మటుకు ఏ లెక్కకీ అందదు.

2025లో జులై 29కే గేట్లు లేచాయి. ఆ శనివారం మా టీమంతా వెళ్ళింది, నేను వెళ్ళలేదు, నాట్లు పడుతున్నాయంటే మామ దగ్గరికెళ్ళాను. వానాకాలంలో రోజూ పొద్దున ఆయనకి సాగర్ మట్టం పంపుతుంటాను. "590" అని పెడితే బొటనవేలి బొమ్మ వస్తుంది. గేట్ల వీడియో పెడితే ఏమీ రాదు.