మైకు కట్టేశాక...

వినాయక చవితి పందిట్లో ఆర్కెస్ట్రా చూడని వాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? ఇప్పుడంటే చాలాచోట్ల డి.జె. పెట్టెలొచ్చి హోరెత్తిస్తున్నాయి గానీ, చాప పరుచుకుని అర్ధరాత్రి దాకా పాటలు వినడంలో ఉన్న మజాయే వేరు సుమండీ!

మొన్నటి చవితికి మా తెనాలిలో, మా వీధి కుర్రాళ్ళు 'మ్యూజికల్ నైట్' పెట్టారు. ఎనిమిదింటికన్నారు. "హలో... మైక్ టెస్టింగ్" అంటూ తొమ్మిదిన్నర చేశారు. ముందు గణపతి పాట, ఆపైన 'జూనియర్ చిరంజీవి' స్టెప్పులు, ఈలలు! మిమిక్రీ కుర్రాడు 2018లో కన్నుమూసిన నేరెళ్ల వేణుమాధవ్‌ని తలుచుకుని దండం పెట్టి, ఎన్టీఆర్‌నీ, రావు గోపాలరావునీ, అల్లు రామలింగయ్యనీ ఒకే పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టేశాడు. పందిరి ఊగిపోయింది.

తర్వాత "మన జూనియర్ బాలు!" అని ప్రకటించారు. పగలంతా కరెంటు సామాన్ల కొట్లో పనిచేసే అబ్బాయి. 2020లో బాలు మనల్ని వదిలి వెళ్ళిపోయారు గానీ, పందిట్లో ఆయన పాటలకి చీటీల మీద చీటీలు వస్తూనే ఉన్నాయి. "అచ్చు బాలూయేరా!" అన్నారంతా. నా పక్కనే కూర్చున్న ఆ అబ్బాయి తల్లి మాత్రం మెల్లగా అంది: "మావాడికీ ఓ పేరు పెట్టుకున్నాం నాయనా, అదెవరూ చెప్పరేం?"

ఏమనను? ఆ బాలూ కూడా ఒకప్పుడు ఇలా స్టేజీల మీద పాడినవారే. 1976లో 'అన్నక్కిళి'తో సంగీత దర్శకుడైన ఇళయరాజా, అంతకు ముందు బాలు బృందంలో వాద్యం వాయించినవారే. స్టేజీ ఎక్కిన ప్రతివాడికీ అంత అదృష్టం పడుతుందా?

సరిగ్గా పన్నెండుకి కానిస్టేబుల్ వచ్చాడు. ఆ వేళ దాటితే మైకు మోగకూడదు. రెండో చరణం మధ్యలో మైకు కట్టేశారు. ఎకో లేదు, కీబోర్డు లేదు. ఆ అబ్బాయి మాత్రం ఆపలేదు. ఢోలక్ ఒక్కటే తోడు. కాస్త సన్నగా, కొంచెం జీరగా ఉందా గొంతు. బాలు గొంతు కాదది. చాపలు చుట్టేస్తున్న వాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. కానిస్టేబుల్ కూడా పాట అయ్యేదాకా కదల్లేదు.

చప్పట్లు ఆగాక ముందు వరుసలోంచి ఒకాయన అడిగాడు: "నీ పేరేంటి తమ్ముడూ?"

చెప్పాడు. మైకు లేదుగా, వెనకవాళ్ళకి వినబడలేదు. వాళ్ళమ్మ లేచి నిలబడి గట్టిగా అరిచి చెప్పింది!

ఆ పేరు ఇక్కడ రాయను. మీ వీధి పందిట్లోనూ అలాంటి కుర్రాడొకడు తప్పకుండా ఉంటాడు. ఈసారి పాట కోసం చీటీ పంపేటప్పుడు, అతని పేరు కూడా అడగండి. ఏం, అడుగుతారు కదూ?