లావు అక్షరం

ఇంగ్లీషు అక్షరాల కొసలకు ఉండే చిన్న గీతలను సెరిఫ్ అంటారు. మన తెలుగుకు ఆ గీతలు లేవు, తలకట్టు ఉంది. రెండూ పాత పద్ధతిలో, నిండుగా, లావుగా కనిపించే ఫాంటు ‘రామరాజ’. దీని తెలుగు అక్షరాలను 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించారు. సిలికానాంధ్ర సంస్థ అందరికీ ఉచితంగా ఇచ్చింది. శీర్షికలకు, పోస్టర్లకు, శుభలేఖలకు బాగా నప్పుతుంది.

అయితే లావు అక్షరానికి చోటు కావాలి. సైజు తగ్గిస్తే లోపలి ఖాళీ పూడిపోతుంది. ‘కథ’ అని కొడితే ‘థ’ పొట్టలోని చుక్క కలిసిపోయి నల్లటి ముద్దలా ఉంటుంది. అందుకే వ్యాసాలకు సన్నని అక్షరాలే మేలు.

కానీ మన సంచికలో విద్యార్థుల పేర్ల పేజీ మాత్రం రామరాజలో, పెద్ద సైజులో వేయాలని సంపాదక మిత్రులను కోరాను. పేజీలు పెరుగుతాయి, ఖర్చవుతుందని కొందరన్నారు. నిజమే. కానీ మాది సముద్రం ఒడ్డున పల్లె. 1990ల మొదట్లో మన నెల్లూరు జిల్లాలో సాగిన అక్షరాస్యత ఉద్యమంలో మా అవ్వ రాత్రి బడికి వెళ్ళి చదువు నేర్చింది. దూబగుంట ఆడవాళ్ళను 1992లో సారా మీద పోరుకు కదిలించింది ఆ చదువే. ఇప్పుడు అవ్వకు చూపు మందగించింది. సన్నని అక్షరాలు ఆనవు. లావువైతే కూడబలుక్కొని చదువుతుంది.

మిత్రులారా! వార్షికోత్సవానికి వచ్చే మన పెద్దల్లో ఇలాంటివాళ్ళు చాలామంది. తమ బిడ్డ పేరును ఒకరిని అడగకుండా, వేలు పెట్టి తామే చదువుకోవాలి. దానికి నాలుగు పేజీలు ఎక్కువైనా నష్టం లేదు.