నా గైగరు యంత్రము

తీరిక వేళలందు కొందఱు లేసులల్లుదురు. కొందఱు వీణ వాయించుదురు. నాకు పాత గైగరు యంత్రములను విప్పి బాగుచేయుట వినోదము. “ఆడుదానికి ఈ యినుపపెట్టెలతో పనియేమమ్మా?” అని మా అత్తగారు మొదట నవ్వెడివారు. అట్టి పెట్టెయే మా యింట నొక చిక్కును తీర్చినది.

మేము కాపురముండు అమెరికాలో, అణుయుద్ధ భీతిచే ప్రభుత్వమువారు పౌరరక్షణకై 1950, 1960 దశకములలో ఇట్టి పసుపుపచ్చని పెట్టెలను విస్తారముగా చేయించిరి. అదృష్టవశమున ఆ యుద్ధము రాలేదు. నేడవి పాతసామానుల సంతలలో దొరకును. నాది సీడీవీ-700 అను రకము.

దీని ప్రాణమంతయు ఒక చిన్న గొట్టములో నున్నది. 1928లో జర్మనీ దేశమున హాన్సు గైగరు, వాల్టరు ముల్లరు అనువారు దానిని రూపొందించిరి. మూసిన గొట్టమున స్వల్పముగా వాయువు, నడుమ సన్నని తీగ, సుమారు 900 వోల్టుల విద్యుత్తు. కంటికగపడని కిరణము లోనికి దూరినచో క్షణమాత్రము విద్యుత్తు ప్రవహించి “టిక్కు”మని వినవచ్చును.

నా చేతికి వచ్చునప్పటికి యంత్రము మూగదై యుండెను. ఎన్నడో మఱచిన టార్చి సెల్లులు కారి, లోపలి పట్టీలు చిలుము పట్టినవి. వానిని గరుకు కాగితముతో రుద్ది, చెడిన కండెన్సరును మార్చితిని. ఆ 900 వోల్టులను సామాన్యపు మీటరుతో కొలువరాదు. అంత బలహీనమైన సరఫరాను మీటరే లాగివేసి తక్కువ చూపును. అందుచే 100 కోట్ల ఓముల నిరోధమును జతచేసి కొలిచితిని. చెవికి తగిలించుకొను పాత సాధనమునకు బదులు చిన్న స్పీకరు నమర్చితిని. ఇప్పుడు దాని పలుకు ఇంటిల్లిపాదికి వినబడును. ఊరక యున్నప్పుడును నిమిషమునకు ఇరువది టిక్కుల వఱకు పలుకును. అవి నేలనుండియు నాకాశమునుండియు వచ్చు సహజ కిరణములు.

మామగారు యౌవనమున కొన్న రేడియము గడియారమును అత్తగారు తమతో తెచ్చి, మనుమరాలి తలగడ ప్రక్కన నుంచిరి. అంకెల వెలుగు పోయినది గనుక రేడియమును పోయినదని వారి నమ్మిక. వెలుగునిచ్చు పొడి మాత్రమే అరిగినది. రేడియము సగమగుటకు 1600 ఏండ్లు పట్టును. యంత్రమును చేర్చగానే టిక్కులు వడగండ్లవలె కురిసినవి.

అత్తగారి మొగము చిన్నబోయెను. “ఆయన గుర్తును పాఱవేయమందువా, అమ్మాయీ?” అనిరి.

“వలదత్తయ్యగారూ! మూత విప్పక, అద్దము పగులనీయక, దూరముగా నుంచిన చాలును” అంటిని.

అంతట వారే యంత్రమును చేతబట్టి అడుగడుగునకు ఆగి వినుచు వెనుకకు నడచిరి. గదికి ఆవలి మూల చేరునప్పటికి టిక్కులు మామూలు స్థితికి వచ్చినవి. ఎవరును పరుండని ముందరి గదిలో గాజు బీరువాను వారే చూపిరి. గడియార మచట చేరినది. ఆ రాత్రి బిడ్డ తలగడకడ యంత్రము మునుపటివలె మెల్లగా పలికినది.

ఇట్టి పని మొదలిడు సోదరీమణులకు రెండు హెచ్చరికలు. మీట నాపిన పిదపను కండెన్సరులో విద్యుత్తు నిలిచియుండును. దానిని ఖాళీచేయక చేయి పెట్టరాదు. మఱియు, మిక్కిలి తీవ్రమైన కిరణముల నడుమ ఈ గొట్టము ఉక్కిరిబిక్కిరియై మూగవోవచ్చును. కావున మౌనమునెల్ల క్షేమమని నమ్మరాదు. ఎఱిగిన పదార్థముకడ పలికించి చూచిన పిదపనే దాని మాట వినవలెను.

మన పెండ్లి పందిళ్లలో వెలిగిన పాత పెట్రోమాక్సు దీపముల మాంటిలులలో థోరియ ముండెడిదని చెప్పగా అత్తగారు ఆశ్చర్యపడిరి. ఇప్పుడు మా యింటికి ఏ పాత వస్తువు వచ్చినను, “ముందు నీ పెట్టె తెమ్ము” అనుచున్నారు.