తాత కొన్న రివాల్వర్

సాంచెల ఆసామి ఇంట్లో రివాల్వర్ ఏమిటని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. ధామన్కర్ నాకా దగ్గర మా షెడ్డుకు వచ్చినవాళ్లకు కనిపించేది నూలు, బీములు, గుడ్డ తానులు. కానీ మా తాత కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి నాలుగు సాంచెలు పెట్టుకొని, నగదు సంచితో బొంబాయి వెళ్లి నూలు కొనుక్కొచ్చే రోజుల్లో, లైసెన్సు తీసుకొని దాన్ని కొన్నాడు. బర్మింగ్‌హామ్‌లో తయారైన వెబ్లీ అండ్ స్కాట్, .32. గొట్టం మూడంగుళాలు.

చిన్నదే గాని ఎంత పనితనమో! ఎడమవైపు మీటను బొటనవేలితో నొక్కితే గొట్టం ముందుకు వంగుతుంది. ఆరు గదుల్లోని తూటాలూ ఒక్కసారే పైకి లేస్తాయి. మళ్లీ మూస్తే వచ్చే 'టక్' చప్పుడు, బాగా కుదిరిన సాంచెలో నాడె వచ్చి ఆగిన చప్పుడులా ఉంటుంది. యంత్రాలతో బతికినవాడికి ఆ ముచ్చట తెలుస్తుంది. 1980ల నడుమ విదేశీ ఆయుధాల దిగుమతి ఆగిపోయాక ఇలాంటివాటికి గిరాకీ పెరిగింది. బాపును అడిగినవాళ్లూ ఉన్నారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

దసరా నాడు దాన్ని ఖాళీ చేసి, నూనె గుడ్డతో తుడిచి, నాడె పక్కన పెట్టి కుంకుమ బొట్టు పెట్టేవాడు. మాకు ముట్టుకునే హక్కు ఆ పూటే. "ఖాళీగున్నదని నేను చెప్తే నమ్మకు, నువ్వు తెరిచి చూడు" అనేవాడు. ఎన్నికలొస్తే పోలీసుస్టేషన్లో అప్పగించి రావాలి. అమ్మకు ఆ రోజులే హాయి!

1984 మేలో భివండిలో మొదలైన మతకలహాలు ఠాణే, బొంబాయిలకు పాకాయి. సాంచెలు ఆగిపోయాయి. ఎన్నడూ నిద్రపోని ఊళ్లో ఆ నిశ్శబ్దమే భయం. బాపు ఆరు తూటాలూ నింపి తలుపుకెదురుగా కూర్చున్నాడు. అర్ధరాత్రి దాటాక తలుపు మీద దెబ్బలు. "ఎవరు?" అంటే జవాబు లేదు. మళ్లీ దెబ్బలు. ట్రిగ్గర్ సగందాకా లాగానని చాలా ఏళ్ల తర్వాత నాతో చెప్పాడు. బయట ఉన్నది మా జాబర్, ముస్లిం. పెళ్లాంపిల్లలతో పరుగెత్తుకొచ్చి, ఆయాసానికి మాట పెగలక నిలబడ్డాడు. నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉన్నారు. తెల్లవారగానే బాపు తూటాలు తీసి వేరే పెట్టెలో దాచాడు. మళ్లీ నింపలేదు. అమ్మనూ లేదు.

లైసెన్సుదారు డెబ్బై ఏళ్లు దాటినా, ఆయుధం ఇరవై అయిదేళ్లుగా తన దగ్గరున్నా, వారసునికి బదిలీకి దరఖాస్తు చేసుకునే వీలు 2016 ఆయుధ నియమాల్లో ఉంది. గుర్తుచేస్తే బాపు ఒప్పుకోలేదు. "అది ఇస్తే ఆ రాత్రి సుత నీకిచ్చినట్టయితది" అన్నాడు.

నిరుడు బాపు పోయాడు. రివాల్వర్ ఇప్పుడు లైసెన్సున్న డీలరు దగ్గర భద్రంగా ఉంది. నేను వారసునిగా దరఖాస్తు చేయాలి, లేదా వదులుకోవాలి. ఆత్మరక్షణకని రాయడానికి చెయ్యి రాదు. నగదు సంచులు పోయి డబ్బు ఫోన్లలో నడుస్తోంది. ఏడాదికొకసారి చూసుకోవడానికని రాస్తే అధికారి నవ్వుతాడేమో! మా అమ్మాయి మాత్రం "దాన్ని చూస్తుంటే తాత చేతులు కనిపిస్తయి" అంటుంది.

మొన్న దసరాకు పీట మీద నాడె ఒక్కటే పెట్టాం. ఫారం బీరువాలో ఉంది. ఆయుధం ఎందుకు కావాలన్న చోట ఇంకా ఏమీ రాయలేదు.