నడుముకి పంపు, ఫ్రిజ్‌లో పెన్ను

నాకు షుగర్ తొమ్మిదో తరగతిలో వచ్చింది. టైప్ 1. స్వీట్లు తింటే వచ్చేది కాదండీ, ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని శరీరమే చంపేసుకుంటుంది.

పన్నెండేళ్లు రోజుకి నాలుగు ఇంజెక్షన్లు. తిండికి ముందు మూడు, రాత్రికి రోజంతా పనిచేసేది ఒకటి. ఆ నాలుగోదానితోనే తంటా. ఒకసారి వేశాక వెనక్కి తీసుకోలేం. తెల్లవారుజామున నాకు షుగర్ పైకెక్కుతుంది. దానికోసం డోసు పెంచితే అర్ధరాత్రి రెండింటికి పడిపోయేది. చెమటలతో లేచి, చీకట్లో గ్లూకోజ్ డబ్బా వెతుక్కునేవాణ్ని. ఒంగోలు నుంచి అమ్మ రోజూ ఆరున్నరకే ఫోన్ చేసేది. "లేచావా నాన్నా?" అది ఉత్త పలకరింపు కాదని ఇద్దరికీ తెలుసు.

రెండేళ్ల క్రితం పంపు కొన్నాను. లక్షల్లో ఖరీదు, ఈఎంఐ ఇంకా కడుతున్నా. ట్యూబులకీ వాటికీ నెలనెలా వేలల్లో అవుతుంది. ఇందులో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. దాన్నే కొంచెం కొంచెంగా రోజంతా ఎక్కిస్తుంది. రెండింటికి తక్కువ, నాలుగింటికి ఎక్కువ అని గంటగంటకీ రేటు పెట్టుకోవచ్చు. నాకు కావల్సింది సరిగ్గా అదే. అయితే తినేదానికి లెక్క మాత్రం మనమే చెప్పాలి. పెళ్లి భోజనంలో పులిహోర ఎంత వడ్డించారో మెషిన్‌కేం తెలుసు?

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు, చర్మం కింద ఉండే సన్న గొట్టం మడతపడింది. రాత్రి షుగర్ ఎక్కువ చూపిస్తే, అరిసెల వల్లేలే అనుకుని పంపుతోనే ఇంకో డోసు ఇచ్చి పడుకున్నా. పొద్దున్నే వాంతులు. మీటర్లో 412. ఇంజెక్షన్లయితే ముందురోజు వేసిన మందు కొంతైనా ఒంట్లో ఉండేది. పంపు ఆగితే కొన్ని గంటల్లోనే ఒళ్లు ఖాళీ, కీటోన్లు మొదలు. ఆఫీసులో అందరికీ బ్యాకప్ గురించి క్లాసులు పీకే నేను పెన్ను హైదరాబాద్‌లోనే వదిలేసి వెళ్లా.

అమ్మ ఒక్క మాట అనలేదు. ఫ్రిజ్ తలుపు అరలోంచి కొత్త పెన్ను తీసింది. "నువ్వొస్తున్నావంటే తెప్పించి పెడతాలే" అంది. డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన చెప్పిన డోసు చిన్నప్పటిలాగే తనే వేసింది. వాంతులు ఆగకపోతే వెంటనే ఆస్పత్రికి రమ్మన్నారాయన. ఆ అవసరం రాలేదు. సాయంత్రానికి షుగర్ దిగింది.

ఇక పంపు తీసేయమంటుందనుకున్నా. నేను కొత్త సెట్ పెట్టుకుంటుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"ఆగు, కళ్లజోడు తెచ్చుకుంటా. అది పెట్టడం నాకూ నేర్పు" అంది.